ఒక్క పాట పట్టుకుని తొంభై ఏళ్లు వెనక్కి: కొరియన్ సంగీతం వినడానికి సమగ్ర మార్గదర్శి

కొరియన్ పాటలు కొత్తగా వినాలనుకునేవాళ్లకు ముందుగా చేతికొచ్చేది ఒక పట్టిక. మొదటి తరం, రెండో తరం, మూడో తరం అంటూ పాతిక బృందాల పేర్లు, ఒక్కోదానికి రెండేసి పాటలు. వారం రోజులు శ్రద్ధగా వింటారు. ఎనిమిదో రోజుకి ఏది ఎవరిదో అంతా కలగాపులగం. పట్టికలో తప్పేమీ లేదు గానీ, ఆ తరాల లెక్క ఐడల్ బృందాలకే, అంటే సంస్థలు శిక్షణ ఇచ్చి తయారుచేసే ఆటపాటల బృందాలకే చెల్లుతుంది. అది 1996లో మొదలవుతుంది. అంతకు ముందు అరవై ఏళ్ల పాట అందులో లేదు. ఆ తర్వాత ఐడల్స్‌కి బయట పుట్టిన రాక్, హిప్‌హాప్, రెండు దెబ్బల తాళంతో నడిచే పాతకాలపు ట్రాట్ కూడా లేవు.

ఇక్కడ చెప్పే పద్ధతి వేరు. నచ్చిన ఒక్క పాట పట్టుకోవాలి. దాన్ని ముందు ఎవరు పాడారు, ఎవరు కట్టారు, ఆ కట్టినవాళ్లు ఇంకెవరికి కట్టారు అని వెతుక్కుంటూ పోవాలి. తీగ లాగితే డొంకంతా కదిలే వ్యవహారం ఇది. పాత పాటని కొత్త గొంతు మళ్లీ పాడటం కొరియాలో నిత్యం జరిగేదే, టీవీల్లో ఏళ్ల తరబడి నడిచే కార్యక్రమాలే దానికి ఉన్నాయి. అందుకే లాగడానికి తీగలకు కొదవ ఉండదు.

ముందు సర్దుకోవాల్సినవి

ఒక నోటుపుస్తకం, లేదా ఫోన్లో ఒక షీటు. అందులో ఆరు గడులు: పాట, పాడినవారు, సాహిత్యం, స్వరం, మొదట వచ్చిన ఏడాది, మూలం ఎవరిది. ఈ ఆరో గడే ముఖ్యం. ఫోన్ స్పీకర్‌లో వినకండి. బేస్ వినబడకపోతే డెబ్బైల రాక్‌కీ ఇప్పటి ఐడల్ పాటకీ ఉన్న చుట్టరికం తెలీదు. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు.

రోజుకి నలభై నిమిషాలు, మూడు పాటలకు మించొద్దు. ఒక్కో పాట మూడుసార్లు: మొదటిసారి ఊరికే, రెండోసారి డ్రమ్స్, బేస్ మీద చెవి పెట్టి, మూడోసారి సాహిత్యం కళ్ల ముందు పెట్టుకుని. రోజుకి ముప్ఫై పాటలు వినేవాళ్లకి నెలాఖరున గుర్తుండేది నాలుగే.

తర్వాత హంగుల్ లిపి. ఇది రెండు సాయంత్రాల పని, దాటేయకండి. 1443లో సేజాంగ్ రాజు హయాంలో రూపుదిద్దుకుని 1446లో ప్రకటితమైన ఈ లిపిలో మూల హల్లులు 14, అచ్చులు 10. హల్లుకి అచ్చు చేర్చి ఒక అక్షరం కట్టడం మనకి గుణింతాలతోనే వచ్చేసింది కాబట్టి తెలుగువాళ్లకి సగం పని అయిపోయినట్టే. 'కిమ్' అనే పేరు హంగుల్లో ఒకే గడి: ఎడమ పక్క క, కుడి పక్క ఇ, కింద మ. ఆ కింది హల్లు మన ఒత్తు ఉండే చోటే కూర్చుంటుంది, పలకడం మాత్రం పొల్లులా పలుకుతుంది. దాన్ని బాచిమ్ అంటారు. క-గ, త-ద, ప-బ జంటలకి తమిళంలోలా ఒకే అక్షరం. మాట మొదట్లో పరుషం, రెండు అచ్చుల నడుమ సరళం. పుసాన్, బుసాన్ రెండూ ఒకే ఊరు అవడానికి కారణం ఇదే.

పేర్లు, వెతుకులాట

ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికితే సగం సంగీతం దొరకదు. 'లీ' అని రాసే ఇంటిపేరుని కొరియన్లు 'ఈ' అంటారు. దాన్నే ఇంగ్లీషులో యీ అనీ, రీ అనీ కూడా రాస్తారు. 'పార్క్' అన్నదానిలో ర లేదు, అది పాక్. 'చోయ్' అన్నది చ్వే. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత, మన పద్ధతే. ఈ వ్యాసంలో అందరికీ అలవాటైన రూపాలే వాడుతున్నాం.

చేయాల్సింది ఇది. గాయకుడి గురించి ఇంగ్లీషు వికీపీడియా పేజీ తెరవండి. మొదటి వాక్యంలోనో పక్కనున్న పెట్టెలోనో హంగుల్లో పేరు ఉంటుంది. దాన్ని కాపీ చేసి యూట్యూబ్‌లో పెట్టి వెతకండి. ఇంగ్లీషు పేరుతో రాని పాత టీవీ ప్రదర్శనలు, మొదటి రికార్డులు అప్పుడు బయటికొస్తాయి. పాట పేరు కూడా ఇలాగే తీసుకోండి, ఎందుకంటే చాలా పాటల ఇంగ్లీషు పేరు కొరియన్ పేరుకి అనువాదం కాదు, పూర్తిగా వేరే పేరు. ఫోన్ కీబోర్డుకి కొరియన్ జోడించి నాలుగు మాటలు టైపు చేయడం నేర్చుకుంటే ఇంకా మంచిది: వొన్‌గోక్ అంటే మూల గీతం, గాసా అంటే సాహిత్యం, చక్కోక్ అంటే స్వరకల్పన, ప్యొన్‌గోక్ అంటే వాద్య సమకూర్పు. పాట పేరు పక్కన 'వొన్‌గోక్' చేరిస్తే చాలు, అది ఎవరి పాటకి రీమేకో తేలిపోతుంది.

మొదటి మెట్టు: ఏడు పాటలు, ఏడు తలుపులు

ఎక్కడ మొదలెట్టాలో తోచకపోతే గాయని ఐయూ 2014లో విడుదల చేసిన రీమేక్ మినీ ఆల్బమ్‌తో మొదలెట్టండి. దాని పేరు కొత్‌గల్పి, అంటే పుస్తకం పుటల మధ్య ఆనవాలుగా దాచుకున్న పువ్వు. మనం నెమలీక దాచుకున్నట్టు. అందులో ఉన్నవి ఏడే పాటలు, ఏడూ పాతవాళ్లవే. ఒక్కోటీ ఒక్కో వీధిలోకి తెరుచుకుంటుంది:

– చో డొక్-బే: ఎనభైల నెమ్మదైన పాట.
– కిమ్ క్వాంగ్-సొక్: గిటారు, మౌతార్గాన్, ఒంటరి గొంతు. 1996 జనవరిలో చనిపోయాడు. ఫోక్ వీధికి ఇదే దారి.
– కిమ్ వాన్-సన్: ఎనభైల చివరి డాన్స్ రాణి. ఐడల్ గాయనులకి పెద్దక్క వరస.
– లీ మూన్-సే: స్వరకర్త లీ యంగ్-హూన్‌తో కలిసి కొరియన్ బల్లాడ్‌కి, అంటే నెమ్మదైన భావగీతానికి, ఒక పద్ధతి ఏర్పరిచినవాడు.
– సానుల్లిమ్: ముగ్గురు అన్నదమ్ముల రాక్ బ్యాండ్, 1977లో మొదలు. పెద్దవాడు కిమ్ చాంగ్-వాన్ ఈ రీమేక్‌లో తనూ గొంతు కలిపాడు.
– కిమ్ హ్యొన్-షిక్: బ్లూస్ గొంతు, 1990లో మరణించాడు.
– క్లాన్: 1996 నాటి ఇద్దరు డాన్సర్ల హుషారు.

ఒక్కో రోజు ఒక్కో పాట: ముందు ఐయూది, వెంటనే మూలం, మళ్లీ ఐయూది. మూడోసారి విన్నప్పుడే ఆమె ఏం మార్చిందో వినబడుతుంది. ఏడు మూలాల్లో మీకు మనసుకి పట్టిన రెండింటిని ఎంచుకుని, ఆ ఇద్దరి పూర్తి ఆల్బమ్ ఒక్కోటి వినండి. మిగతా అయిదింటినీ ప్రస్తుతానికి వదిలేయండి, బెంగ లేదు. 2017లో వచ్చిన రెండో భాగం ఇంకా వెనక్కి తీసుకెళ్తుంది. అందులో గాయని జంగ్ మీ-జో 1972లో పాడిన పాట ఒకటి ఉంది. దాని సాహిత్యం 1934లోనే కన్నుమూసిన కవి కిమ్ సొవొల్ కవిత.

డ్రామాల మీదుగా వచ్చినవాళ్లకి ఇంకో దగ్గరి దారి ఉంది. 'రిప్లై 1988'లో వినబడే పాటల్లో చాలా వరకు రీమేకులు. 'హాస్పిటల్ ప్లేలిస్ట్'లో డాక్టర్ల బ్యాండ్ వాయించేవీ పాత పాటలే. నచ్చిన సన్నివేశంలోని పాటకి మూలం పట్టుకుంటే చాలు.

రెండో మెట్టు: పాడినవాళ్లని కాదు, కట్టినవాళ్లని వెంబడించండి

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. గాయకుడి పేరు దగ్గర ఆగితే అతని పాటలే చుట్టూ తిరుగుతాయి. స్వరకర్త పేరు పట్టుకుంటే దశాబ్దాలు దాటొచ్చు. యాప్‌లో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ చూడండి. అక్కడ లేకపోతే 'చక్కోక్' చేర్చి వెతకండి.

ఒక తీగ మొత్తం లాగి చూపిస్తాం. పైన చెప్పిన ఏడింటిలో కిమ్ హ్యొన్-షిక్ పాట ఒక వేసవి రాత్రి కల గురించి. 1988లో వచ్చింది. కట్టింది యూన్ సాంగ్ అనే కుర్రాడు. 1990లో తనే గాయకుడయ్యాడు, అదే ఏడాది గాయని కాంగ్ సూజీకి పాట కట్టి ఆమెని ఇంటింటికీ చేర్చాడు. 2011లో ఐయూకి ఒక బల్లాడ్ కట్టాడు. 2014లో లవ్లీజ్ అనే అమ్మాయిల బృందాన్ని తీర్చిదిద్దిన నిర్మాతా ఆయనే. 2018 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా కళాకారులు ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్లి పాడినప్పుడు సంగీత బాధ్యత ఆయనదే. 2023లో వచ్చిన రైజ్ బృందంలో ఆంటన్ ఈయన కొడుకు. ఒక్క పేరు, ముప్ఫై అయిదేళ్లు, బ్లూస్ నుంచి ఐడల్ దాకా.

ఆ ప్యాంగ్యాంగ్ కచేరీని విడిగా చూడండి. డెబ్బైల నుంచి పాడుతున్న చో యంగ్-పిల్, ఎనభైల లీ సన్-హీ, రాక్ బ్యాండ్ వైబీ, బల్లాడ్ గాయని బేక్ జీ-యంగ్, ఐడల్స్ రెడ్ వెల్వెట్, అందరూ ఒకే వేదిక మీద. తరాల పట్టిక ఏ ఒక్కటీ ఒక సాయంత్రంలో ఇంత చూపించదు.

ఇంకో తీగ, ఇది బ్లాక్‌పింక్ అభిమానులకి. 2016లో ఆ బృందాన్ని తెచ్చింది వైజీ సంస్థ. దాన్ని స్థాపించిన యాంగ్ హ్యొన్-సొక్ అంతకు ముందు 'సొ తేజీ అండ్ బాయ్స్'లో డాన్సర్. 1992లో ఆ ముగ్గురు ఒక టీవీ పోటీలో ర్యాప్ కలిపిన పాట పాడితే న్యాయనిర్ణేతలు అట్టడుగు మార్కులు వేశారు, ఆ పాట మాత్రం దేశాన్ని ఊపేసింది. సొ తేజీ అంతకు ముందు సినావే అనే మెటల్ బ్యాండ్‌లో బేస్ వాయించేవాడు. సినావే గిటారిస్ట్ షిన్ డే-చొల్. అతని తండ్రి షిన్ జుంగ్-హ్యొన్, యాభైల్లో కొరియాలోని అమెరికా ఎనిమిదో సైన్యం శిబిరాల్లో గిటారు వాయిస్తూ ఎదిగి, కొరియన్ రాక్‌కి పునాది వేసినవాడు. బ్లాక్‌పింక్ నుంచి సైనిక శిబిరం దాకా మెట్లు అయిదే.

మూడో మెట్టు: ట్రాట్‌కి చెవి సిద్ధం చేసుకోవడం

కొత్తవాళ్లు ఎక్కువగా దాటేసేది ట్రాట్. వినగానే పాత సినిమా పాటలా, కొంచెం చవగ్గా అనిపిస్తుంది. కొరియాలోనే దీన్ని 'పొంగ్‌జ్జాక్' అని ఎకసెక్కంగా పిలిచేవారు, పొంగ్-జ్జాక్, పొంగ్-జ్జాక్ అనే రెండు దెబ్బల తాళం వల్ల. అయినా ఇది చచ్చిన కళ కాదు. 2020లో 'మిస్టర్ ట్రాట్' పోటీ గెలిచిన లిమ్ యంగ్-ఉంగ్ 2024 మే నెలలో సియోల్ వరల్డ్ కప్ స్టేడియంలో కచేరీలు చేశాడు.

వినేటప్పుడు రెండు సంగతులు పట్టుకోండి. ఒకటి, స్వరాలు. పాత విషాద ట్రాట్‌లో ఎక్కువగా అయిదు స్వరాలే ఉంటాయి. మన శివరంజనిలో ధైవతాన్ని ఒక మెట్టు దించితే వచ్చే స్వరాలే అవి. హార్మోనియం ఉంటే వాయించి చూడండి, పరాయితనం సగం పోతుంది. రెండు, గొంతు విరుపు. స్వరాన్ని పట్టుకుని చివర్లో చటుక్కున విరిచే ఆ పనిని 'కొక్కి' అంటారు. మన కొక్కెం గుర్తు పెట్టుకుంటే మాట మర్చిపోరు. గమకంలా సాగదు, విరుగుతుంది. ఆ తేడా వినబడితే చాలు, తర్వాత ఏ ట్రాట్ గాయకుడు గొప్పవాడో మీరే చెప్పగలరు.

మొదట వినాల్సింది లీ నాన్-యంగ్ 1935లో పాడిన, మొక్పో అనే రేవు ఊరి కన్నీళ్ల పాట. అది జపాన్ పాలన కాలం. రెండో చరణంలో 'మూడు వందల ఏళ్ల పగ' అనే అర్థమొచ్చే మాట ఉంది. 1590లలో జపాన్ చేసిన దండయాత్ర మీద కోపం అది. సెన్సారు కళ్లు కప్పడానికి సాహిత్యం అచ్చేసినప్పుడు అదే ఉచ్చారణ వచ్చేలా వేరే అక్షరాలతో రాశారు. పాడితే పగ, చదివితే ఏమీ లేదు. ఈ లీ నాన్-యంగ్ కూతుళ్లిద్దరూ, మేనకోడలూ కలిసి 'కిమ్ సిస్టర్స్' పేరుతో 1959లో అమెరికా వెళ్లి లాస్ వెగాస్‌లో పాడారు. బీటీఎస్‌కి యాభై ఏళ్ల ముందు మాట.

దాని తర్వాత లీ మీ-జా 1964 నాటి 'కామెలియా పూల పిల్ల' పాట. జపాన్ వాసన ఉందన్న సాకుతో మరుసటేడే నిషేధించారు, 1987లో గానీ ఎత్తేయలేదు. పాత పాటలు ఒక్కోటిగా, వాటి చరిత్రతో సహా వినాలంటే ట్రాట్ గాయని జూ హ్యొన్-మీ యూట్యూబ్ చానెల్ మంచిది. అకార్డియన్, గిటారు తోడుగా ఆర్భాటం లేకుండా పాడుతుంది.

ఇప్పటి చెవులకి ఇదంతా బరువనిపిస్తే ఎదురు దిశ నుంచి రండి. న్యూజీన్స్ అనే అమ్మాయిల బృందం తొలి పాటల్లో కొన్నిటిని కట్టిన నిర్మాత '250'. అతను 2022లో 'పొంగ్' అనే ఆల్బమ్ చేశాడు. పొంగ్‌జ్జాక్ దరువుని ఎలక్ట్రానిక్ సంగీతంలోకి దించిన ఆ పనికి మరుసటి ఏడాది కొరియన్ మ్యూజిక్ అవార్డుల్లో ఆ ఏటి ఆల్బమ్ బహుమతి వచ్చింది. న్యూజీన్స్, పొంగ్, లీ మీ-జా: ఈ వరసలో మూడు రోజులు వింటే ట్రాట్ అంటే మొహం తిప్పుకునేవాళ్లు కూడా దారికొస్తారు.

ఒక సలహా: ప్రతి విషాద గీతానికీ 'హాన్' అనే మాట అంటించి, కొరియన్ల ఆత్మే దుఃఖం అని తేల్చేసే వ్యాసాలు కనిపిస్తే పక్కన పెట్టండి. అవి పాట గురించి ఏమీ చెప్పవు.

నాలుగో మెట్టు: 1975కి అటూ ఇటూ

అరవైల చివర, డెబ్బైల మొదట్లో కొరియాలో అద్భుతమైన సైకెడెలిక్ రాక్, ఫోక్ వచ్చాయి. 1975లో అవి ఉన్నట్టుండి తెగిపోతాయి. అధ్యక్షుడు పాక్ చొంగ్-హీ ప్రభుత్వం ఆ ఏడాది రెండు వందల పైచిలుకు పాటల్ని నిషేధించింది. చివర్లో గంజాయి కేసుల పేరుతో గాయకుల్ని లోపలేసింది. షిన్ జుంగ్-హ్యొన్ ఏళ్ల తరబడి వేదిక ఎక్కలేకపోయాడు. అందుకే ఈ దశాబ్దాన్ని రెండు ముక్కలుగా వినాలి.

మొదటి ముక్కకి షిన్ కట్టిన పాటల్ని 1958 నుంచి 1974 దాకా ఒక్కచోట చేర్చి అమెరికన్ సంస్థ లైట్ ఇన్ ది ఆటిక్ 2011లో తెచ్చిన సంకలనం సరిపోతుంది. ఆపైన కిమ్ జంగ్-మీ 1973 ఆల్బమ్ 'నౌ' మొత్తం, వరసలో, ఆపకుండా. ఫోక్‌లో కిమ్ మిన్-గీ రాసి యాంగ్ హీ-ఉన్ పాడిన 'ఉదయపు మంచు'. ఇదీ నిషేధానికి గురైందే. 1987 వీధి ఉద్యమాల్లో జనం పాడారు, 2016 చివర్లో సియోల్ కొవ్వొత్తుల ప్రదర్శనలో యాంగ్ హీ-ఉనే వచ్చి పాడింది. అదే ఏడాది వేసవిలో ఈహ్వా మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థినులు పోలీసుల ముందు చేతులు పట్టుకుని పాడింది మాత్రం గర్ల్స్ జనరేషన్ 2007 తొలి పాట. ఈ రెండూ పక్కపక్కన వినండి.

రెండో ముక్కలో 1977 తర్వాత విశ్వవిద్యాలయ పాటల పోటీలూ, సానుల్లిమ్, చో యంగ్-పిల్. ఎనభైల్లో మూడు ఆల్బమ్‌లు తప్పనిసరి: 1980 నాటి చో యంగ్-పిల్ మొదటి సంపుటి, 1985లో తుల్గుక్వా అనే రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్, 1987లో యూ జే-హా ఆల్బమ్. యూ జే-హా చేసింది ఆ ఒక్కటే. అదే ఏడాది నవంబరు 1న కారు ప్రమాదంలో పోయాడు. ఇప్పటి కొరియన్ బల్లాడ్‌లో వయొలిన్ లాంటి తీగ వాద్యాలు అల్లుకునే పద్ధతి చాలా వరకు ఆ ఒక్క రికార్డు నుంచి వచ్చింది.

ఈ కాలపు ఆల్బమ్‌లు వింటే చివర్లో సంబంధం లేకుండా ఒక కవాతు పాటో దేశభక్తి గీతమో తగులుతుంది. ఫైలు కలిసిపోయిందనుకుని కొందరు తీసేస్తారు. అది పొరపాటు కాదు. ప్రతి రికార్డులోనూ ఒక 'గొన్‌జొన్ గాయో', అంటే ఆరోగ్యకరమైన గీతం ఉండాలని అప్పటి నిబంధన. తుల్గుక్వా ఆల్బమ్ చివర్లో ఉన్న దేశ ఏకీకరణ పాట అలా చేరిందే.

ఐదో మెట్టు: ఐడల్స్‌ని ఎలా వినాలి, ఎలా చూడాలి

తరాల లెక్క ఇక్కడ పనికొస్తుంది, రాతిగీతలా కాకుండా. ఎచ్ఓటీ 1996, ఎస్ఈఎస్ 1997, షిన్హ్వా 1998 మొదటి తరం. టీవీఎక్స్‌క్యూ 2003, బిగ్‌బ్యాంగ్ 2006, గర్ల్స్ జనరేషన్ 2007, 2ఎన్ఈ1 2009 రెండోది. ఎక్సో 2012, బీటీఎస్ 2013, ట్వైస్ 2015 మూడోది. స్ట్రే కిడ్స్ 2018, ఎస్పా 2020, న్యూజీన్స్ 2022 నాలుగోది. ఆ తర్వాతివాళ్లని అయిదో తరం అంటున్నారు. అభిమానులు సరిహద్దుల మీద కొట్టుకుంటారు, మీరు దిగొద్దు.

ఒక్కో బృందానికి ఈ వరస పాటించండి. ముందు కళ్లు మూసుకుని పాట. తర్వాత డాన్స్ ప్రాక్టీస్ వీడియో: కెమెరా కదలదు, అందరి అడుగులూ కనిపిస్తాయి. ఆ తర్వాత టీవీ వేదిక. మ్యూజిక్ వీడియో అన్నిటికన్నా చివర. రెండు క్షణాలకో కోతతో నడిచే వీడియో ముందు చూస్తే నృత్యమూ తెలీదు, పాటా తెలీదు, బట్టలు మాత్రం గుర్తుంటాయి. బృందం మొత్తం ప్రయాణం పావుగంటలో తెలియాలంటే డింగో మ్యూజిక్ చానెల్‌లోని 'కిల్లింగ్ వాయిస్' చూడండి. తమ పాటల్నే ముక్కలు ముక్కలుగా వరసపెట్టి పాడతారు. 'ఎమ్ఆర్ రిమూవ్డ్' అని తిరిగే క్లిప్పులు చూసి ఎవరి గొంతునీ తేల్చేయకండి. సాఫ్ట్‌వేర్‌తో వాద్యాలు గీకేసినప్పుడు గొంతు కూడా కొంత కొట్టుకుపోతుంది.

ఆల్బమ్ భాష తెలిసుండాలి. జొంగ్‌గ్యూ అంటే పూర్తి ఆల్బమ్, మినీ అంటే అయిదారు పాటలు, రీప్యాకేజ్ అంటే పాత ఆల్బమ్‌కే ఒకటి రెండు పాటలు చేర్చినది. 'టైటిల్' అంటే ఆల్బమ్ పేరున్న పాట కాదు, ప్రచారానికి ఎంచుకున్న పాట. మిగతావి సురోక్‌గోక్. బృందం అసలు రుచి చాలాసార్లు ఆ మిగతా వాటిలోనే ఉంటుంది.

కొత్త పాటలు తరచుగా కొరియా సాయంత్రం 6కి వస్తాయి. మనకి మధ్యాహ్నం 2:30. అమెరికా శ్రోతల్ని ఉద్దేశించినవి కొరియా మధ్యాహ్నం 1కి, అంటే మనకి ఉదయం 9:30కే వచ్చేస్తాయి. తొంభైల పాటలకైతే కొరియన్ టీవీ సంస్థలు ఎస్‌బీఎస్, కేబీఎస్‌ల 'కే-పాప్ క్లాసిక్' చానెళ్లు ఉన్నాయి. ముసలివాళ్లు కాలక్షేపానికి చేరే సియోల్ పార్కు పేరు మీద అలాంటి ప్రసారాల్ని 'ఆన్‌లైన్ తాప్‌గోల్ పార్కు' అని ముద్దుగా పిలుచుకున్నారు. మన రచ్చబండ అనుకోండి.

ఆరో మెట్టు: హోంగ్డే, హిప్‌హాప్, పాన్సోరి

సియోల్‌లో హోంగిక్ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల క్లబ్బుల వీధి హోంగ్డే. తొంభైల పంక్ బ్యాండ్ క్రయింగ్ నట్‌తో మొదలెట్టి, జాంగ్ కీ-హా, హ్యుకో, జన్నాబి, సిలికా జెల్ దాకా రండి. జాంగ్ కీ-హా వింటుంటే సానుల్లిమ్ గుర్తుకొస్తే మీ చెవి దారిలో పడ్డట్టే. హిప్‌హాప్‌కి డ్రంకెన్ టైగర్, గారియోన్, ఎపిక్ హై. ఆర్ అండ్ బీకి జయన్.టీ, డీన్, క్రష్. ఇక్కడ ఎవరిని వినాలో తోచకపోతే 2004 నుంచి ఇస్తున్న కొరియన్ మ్యూజిక్ అవార్డుల తుది జాబితా చూడండి. అమ్మకాలు చూసి కాదు, సంగీతం చూసి ఇచ్చేవి. రాక్, ఫోక్, జాజ్, హిప్‌హాప్ అన్నిటికీ విడివిడి విభాగాలు. ఏదో ఒక ఏడాది జాబితా తీసుకుని మీకు అసలు తెలియని విభాగం నుంచే మొదలెట్టండి.

లీ నాల్చీ అనే బ్యాండ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. రెండు బేస్ గిటార్లు, ఒక డ్రమ్స్, మిగతా అంతా పాన్సోరి గొంతులు. పాన్సోరి అంటే కొరియన్ల సంప్రదాయ కథాగానం: కథ పాడేవారొకరు, డప్పు వాయించేవారొకరు. ఆ డప్పువాడు మధ్యమధ్యలో 'ఒల్సీగు!' అని అందిస్తుంటాడు, మన బుర్రకథలో వంతలు అందించినట్టు. 2020లో కొరియా పర్యాటక ప్రచార వీడియోతో ఈ బ్యాండ్ పాట ఊరూరా పాకింది. 'పులి దిగొస్తోంది' అని దాని అర్థం. కథ ఇదీ: సముద్ర రాజుకి జబ్బు, కుందేలు కాలేయం తింటే తగ్గుతుందంటారు. తాబేలు ఒడ్డుకొచ్చి కుందేలుని 'తో' దొరగారూ అని పిలవబోతుంది. ఈది ఈది దవడ పట్టేసి నోరు తిరగక 'హో' దొరగారూ అనేస్తుంది. తో అంటే కుందేలు, హో అంటే పులి. నన్ను ఎవరో గౌరవంగా పిలిచారని పులి కొండ దిగుతుంది. ఈ కుందేలు కథకి మూలం బౌద్ధం వెంట వెళ్లిన జాతక కథ. పంచతంత్రంలో కోతి గుండె కోసం మొసలి వేసిన ఎత్తు మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అర్థం తెలుసుకుని ఒకసారి, డ్రమ్స్ మీద చెవి పెట్టి ఒకసారి వినండి.

ఎక్కడ తప్పుతుంది, ఎందుకు

యాప్ మూడో రోజుకే ఐడల్ పాటల్లోకి లాగేస్తుంది. ఒకటి పూర్తవగానే తనంతట తాను వేసే పాట ఆపేయండి. పాత సంగీతానికి వేరే ప్రొఫైల్ పెట్టుకోండి.

ఏడాది తప్పుగా కనిపిస్తుంది. 1973 రికార్డు పక్కన 2011 అని ఉంటే అది రీమాస్టర్ చేసిన సంవత్సరం. నోటుపుస్తకంలో మొదటి విడుదలే రాయండి.

ట్రాట్ వెతికితే రెండేసి గంటల మెడ్లీలు వస్తాయి. వాటిలో చాలావరకు కీబోర్డు దరువుతో వేరేవాళ్లు తిరగ పాడినవి, హైవే పక్కన అమ్మే క్యాసెట్ల సంప్రదాయం. కారులో బాగుంటాయి, మూలం అనుకుంటే మోసపోతారు.

ఉన్న పాట మాయమవుతుంది. 2021 మార్చిలో లైసెన్సు తగాదాతో కొరియన్ సంస్థ కకావో పంపిణీ చేసే పాటలు స్పాటిఫై నుంచి పది రోజులు కనిపించలేదు. ప్లేలిస్ట్ ఒక్క యాప్‌లోనే ఉంటే ఇంతే సంగతి. పేర్లు బయట రాసిపెట్టుకోండి.

కొన్ని పేర్లు వెతకడానికి పనికిరావు. రెయిన్ అనే గాయకుడి కొరియన్ పేరు 'పీ', అంటే వాన. అదొక్కటే కొడితే నిద్రకోసం వాన చప్పుళ్లు వస్తాయి. పాట పేరు కలపండి.

సాహిత్యం యంత్రానువాదంలో 'నేను', 'నువ్వు' తారుమారవుతాయి, ఎందుకంటే కొరియన్ వాక్యంలో కర్తని తరచూ వదిలేస్తారు, మనలాగే. వాక్యం క్రియతో ముగియడమూ మనలాగే. అందుకని ఇంగ్లీషు అనువాదం చదివి, పదాల వరస మాత్రం కొరియన్ నుంచే చూసుకోండి. పాటల్లో వినబడే 'కుదే' మామూలు మాటల్లో వాడే నువ్వు కాదు, కవిత్వంలో వచ్చే 'నీవు'.

నెల తిరిగేసరికి నోటుపుస్తకంలో ఆరో గడి చాలా చోట్ల ఖాళీగా ఉంటుంది. స్వరకర్త పేరు రాసి, అతని ఇంకో పాట వినని వరసలు కూడా తేలతాయి. వచ్చే నెల వినాల్సిన పాటలు ఆ ఖాళీ గడులే.